హెపటైటిస్-బి జన్యురూపములు : జాతి గుర్తులా? జన్మస్థలపు గుర్తులా?

వ్యాధికి పొరుగువాని పేరు పెట్టుట మానవునకు మిక్కిలి ప్రాత అలవాటు. 16వ శతాబ్దమున భావమిశ్రుడు తన వైద్యగ్రంథమైన భావప్రకాశములో సిఫిలిస్ అను సవాయి రోగమును 'ఫిరంగ రోగము' అని వ్రాసెను. ఫిరంగులనగా ఐరోపా నుండి వచ్చినవారు. అదే రోగమును ఇటలీవారు ఫ్రెంచివారి రోగమనిరి; ఫ్రెంచివారు నేపుల్సు రోగమనిరి. సూక్ష్మజీవిశాస్త్రము వృద్ధియైన పిమ్మట ఇట్టి పేర్లు పోయినవి గాని, వాని వెనుకనున్న అలవాటు పూర్తిగ పోలేదు. నేడది పట్టికల రూపమున, శాతముల రూపమున తొంగిచూచుచున్నది.

హెపటైటిస్-బి అను కాలేయవ్యాధిని గూర్చి గత ముప్పది నలుబది సంవత్సరములలో ఒక విధమైన పరిశోధనలు విరివిగా జరిగినవి. ఒక దేశమునకు వలసవచ్చినవారిలో ఎందరి రక్తమందు ఈ వైరసున్నది, అది ఏ జన్యురూపమునకు చెందినది అని లెక్కించుట వీని పని. ఈ పరిశోధనలు అవసరమైనవే. వానివలన మేలును కలిగినది. అయితే వానిలో పెక్కింటియందు ఒక లోపము కలదు. వైరసునకు చెందిన గుర్తును మనుష్యజాతికి చెందిన గుర్తుగా చదువుకొనుటకు అవి తావిచ్చుచున్నవి. ఇది కేవలము మాటల తగవు కాదు. దీనివలన లెక్క తప్పును, వైద్యుని ఊహ తప్పును, కొన్నిచోట్ల మనుష్యుల బ్రతుకుతెరువునకే ముప్పు వచ్చును.

పుట్టుకలోనే పొరపాటు

చిత్రమేమనగా, ఈ పొరపాటు ఈ శాస్త్రముతోపాటే పుట్టినది. 1960 తరువాతి సంవత్సరములలో బరూక్ బ్లంబర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మానవుల రక్తములోని వంశపారంపర్య భేదములను తెలిసికొనుటకై నానాదేశముల ప్రజల రక్తరసమును సేకరించుచుండెను. పలుమార్లు ఇతరుల రక్తము నెక్కించుకొనిన హీమోఫీలియా రోగుల రక్తరసముతో ఆ నమూనాలను ఎదురుబెట్టి పరీక్షించుచుండగా, ఒక రోగి రక్తరసము ఆస్ట్రేలియా ఆదిమవాసి యొకని నమూనాతో కలిసి స్పష్టమైన గీత నేర్పరచినది. హార్వీ ఆల్టర్ మున్నగువారితో కలిసి బ్లంబర్గ్ ఈ సంగతిని 1965లో ప్రకటించెను. ఆ క్రొత్త పదార్థమునకు 'ఆస్ట్రేలియా ప్రతిజనకము' అను పేరు వచ్చినది.

అది కొన్ని ప్రజలలో హెచ్చుగా, కొన్నింట తక్కువగా కనబడుటచేత, మనుష్యుల వంశలక్షణములలో ఒకటియని బ్లంబర్గ్ బృందమువారు మొదట తలచిరి. 1966లో వారి పరిశీలనలోనున్న ఒక రోగి రక్తమందు అంతకుముందు లేని ఆ గుర్తు క్రొత్తగా కనబడినది. ఆ రోగికి కాలేయవ్యాధియు సోకినట్లు తేలినది. వంశలక్షణమైనచో పుట్టుకతో రావలెను గాని నడుమ వచ్చునా? ఈ ప్రశ్నయే సత్యమునకు దారి చూపినది. ఆ పదార్థము మనిషి లక్షణము కాదు, హెపటైటిస్-బి వైరసు యొక్క పైపొర. తన ఊహకు విరుద్ధమైన సాక్ష్యమును దాచక, దానివెంటబోయి, ఊహను మార్చుకొనుట బ్లంబర్గ్ గొప్పతనము. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. క్రమముగా 'ఆస్ట్రేలియా' పేరు తొలగి 'ఉపరితల ప్రతిజనకము' అను పేరు స్థిరపడినది.

ఈ కథ పాతబడినది గాని దాని పాఠము పాతబడలేదు. ఒక జనసమూహములో ఒక గుర్తు ఎక్కువగా కనబడినంతమాత్రమున అది ఆ జనుల రక్తములో పుట్టినది కాదు. వారి రక్తములోనికి వచ్చి చేరినదై యుండవచ్చును.

బాల్యమును చెప్పు వ్యాధి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2022లో ప్రపంచమందు 25 కోట్ల 40 లక్షల మంది దీర్ఘకాలిక హెపటైటిస్-బితో జీవించుచుండిరి. ఆ సంవత్సరము 11 లక్షల మంది దీనివలన మరణించిరి. వీరిలో పెక్కుమందికి కాలేయము గట్టిపడుటయో, కాలేయమునకు క్యాన్సరు వచ్చుటయో మరణకారణము. ఈ వైరసు రక్తము ద్వారా, కలుషితమైన సూదుల ద్వారా, స్త్రీపురుష సంపర్కము వలన, ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకు సంక్రమించును. ఒకే బెంచీపై కూర్చుండుట వలన, ఒక పంక్తిలో భోజనము చేయుట వలన, దగ్గు తుమ్ముల వలన సంక్రమింపదు.

దీని నడకలో ఒక విశేషము కలదు. పుట్టినపుడు సోకినచో నూటికి సుమారు 90 మంది శిశువులలో అది జీవితకాలము నిలిచిపోవును. ఆరోగ్యవంతులైన పెద్దలకు సోకినచో నూటికి అయిదుగురికంటె తక్కువమందిలో మాత్రమే నిలుచును. తక్కినవారి శరీరము దానిని తరిమివేయును. కావున దీర్ఘకాలిక వ్యాధిగల నలుబది యేండ్ల మనిషి రక్తమును పరీక్షించినపుడు తెలియునది సాధారణముగా అతని నేటి నడవడి కాదు, అతని బాల్యము: అతడెక్కడ పుట్టెను, అప్పుడా ఊరిలో టీకా ఉండెనా, సూదులను మరగబెట్టుచుండిరా, తల్లి రక్తములో వైరసుండెనా అను సంగతులు. వలసవచ్చినవానికి ఈ వ్యాధి క్రొత్తదేశములో బయటపడినను, అది సోకినది చాలవరకు పాతదేశములో, చిన్నతనమున. వలసవచ్చినవారిని గూర్చిన ప్రతి లెక్కకును ఇది పునాది.

వైరసునకు ఇంటిపేరు

హెపటైటిస్-బి వైరసు మిక్కిలి చిన్నది. దాని జన్యుపదార్థములో సుమారు 3,200 అక్షరములు మాత్రమే కలవు. ఇది తన్ను తాను ప్రతివ్రాయునపుడు తప్పులు దొరలుచుండును. తరతరములకు ఆ తప్పులు కూడి వైరసు శాఖలుగా చీలును. 1988లో జపాను శాస్త్రజ్ఞుడు ఒకమోటో మున్నగువారు ఒక నియమము నేర్పరచిరి. మొత్తము అక్షరములలో నూటికి 8 కంటె హెచ్చు భేదమున్నచో, అనగా సుమారు 250 అక్షరములు వేరైనచో, వానిని వేర్వేరు జన్యురూపములుగా నెంచవలెననిరి. అప్పటికి తేలినవి నాలుగు: ఏ, బి, సి, డి. తరువాత ఇ, ఎఫ్, జి, హెచ్, ఐ చేరినవి. 2009లో ప్రకటింపబడిన 'జె' రూపము ఒక వృద్ధ జపానీయుని రక్తములో దొరికినది. ఆయన రెండవ ప్రపంచయుద్ధ కాలమున బోర్నియో ద్వీపములో నుండెను.

స్థూలముగా చెప్పినచో, బి, సి రూపములు తూర్పు, ఆగ్నేయ ఆసియాలో హెచ్చు. 'డి' మధ్యధరా తీరమునుండి పశ్చిమాసియా మీదుగా భారతదేశము వరకు వ్యాపించినది. 'ఏ' లో ఒక శాఖ ఆఫ్రికాలోను, మరియొక శాఖ ఉత్తర ఐరోపా, అమెరికాలలోను కలదు. 'ఇ' పశ్చిమాఫ్రికాకు చెందినది. ఎఫ్, హెచ్ లు మధ్య, దక్షిణ అమెరికాలవి.

తెలుగువారికి దీనిని బోధించుటకు ఇంటిపేరుకంటె మంచి ఉపమానము దొరకదు. తెలుగువారి ఇంటిపేర్లలో అనేకము ఊళ్ళ పేర్లు. ఒక కుటుంబము పూర్వమెన్నడో ఆ ఊరినుండి బయలుదేరినదని ఆ పేరు చెప్పును. అదే ఇంటిపేరు వేర్వేరు కులములలో కనబడుట అందరికిని తెలిసినదే. ఇంటిపేరును బట్టి ఊరిని ఊహింపవచ్చును గాని, మనిషి ఒడ్డును పొడుగును, గుణదోషములను ఊహింపరాదు. జన్యురూపము వైరసు యొక్క ఇంటిపేరు. వైరసు ఏ త్రోవను వచ్చినదో అది చెప్పును. దానికి ఆశ్రయమిచ్చిన మనిషి వంశమును గూర్చి అది చెప్పునది ఏమియు లేదు. బోర్నియోలోని వైరసు జపానీయుని రక్తములో దొరకుటయే ఇందుకు తార్కాణము.

మూడు పరిశోధనలు

ఇక పరిశోధనల సంగతి. ఉదాహరణమునకు ప్రసిద్ధమైన మూడింటిని చూడవచ్చును.

మొదటిది 2003లో చూ, అన్నా లోక్ మున్నగువారు ప్రకటించినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని 17 కాలేయ చికిత్సాకేంద్రములనుండి 694 మంది రోగులను తీసికొని వారి వైరసుల జన్యురూపములను నిర్ణయించిరి. ఏ మొదలు జి వరకు ఏడు రూపములును అక్కడ కనబడినవి. 'ఏ' నూటికి 35, 'సి' 31, 'బి' 22, 'డి' 10, మిగిలినవన్నియు కలిసి 2. ఒకే దేశమున ఇన్ని రూపములుండుటకు వలసలు ముఖ్యకారణమని ఈ పట్టికను చూచినవారికి తెలియకపోదు. ఇంత విస్తారముగా ఈ పని అమెరికాలో అంతకుముందు జరగలేదు. ఇది దాని గొప్ప.

ఈ పరిశోధన రెండు విషయములను పక్కపక్కన చెప్పినది. జన్యురూపమునకును రోగి జాతికిని గట్టి సంబంధము కలదనుట ఒకటి: తెల్లవారిలోను నల్లవారిలోను 'ఏ', ఆసియా సంతతివారిలో బి, సి హెచ్చుగా కనబడినవి. రోగి పుట్టిన దేశమును బట్టి చూచినచో అమెరికాలో పుట్టినవారిలో 'ఏ', ఐరోపాలో పుట్టినవారిలో 'డి', దూరప్రాచ్యమువారిలో 'సి', ఆగ్నేయాసియావారిలో 'బి' ప్రధానమనుట రెండవది. ఈ రెండింటిలో కారణమునకు దగ్గరగా నున్నది రెండవదే. తెల్లవారు ఒకే జాతిగా లెక్కకు వచ్చినను, అమెరికాలో పుట్టినవారి వైరసు ఒకటి, ఐరోపానుండి వచ్చినవారి వైరసు మరియొకటి. ఆసియావారును అంతే. జాతి అను గడిని తీసివేసి పుట్టినచోటు అను గడిని ఉంచినచో అర్థము స్పష్టపడును. అయినను 'జాతితో గట్టి సంబంధము' అను మాట నోట సులభముగా పలుకును, మనసున సులభముగా నిలుచును. రెండు వాక్యములకును సమానమైన స్థానమిచ్చి, ఏది కారణమో ఏది దాని నీడయో తేల్చి చెప్పకపోవుట ఈ పరిశోధనలోని లోటు. వేరొక పరిమితియు కలదు. లెక్కకు వచ్చినవారందరును పెద్ద చికిత్సాకేంద్రములకు చేరగలిగినవారు. భాష తెలియక, డబ్బు లేక, వ్యాధి యున్నదనియే తెలియక ఇంటివద్ద నున్నవారు ఇందులో లేరు.

రెండవది 2012లో రోసీ, గ్రీనవే మున్నగువారు చేసిన సమీక్ష. వివిధ దేశములకు వలసవచ్చినవారిపైనను, కాందిశీకులపైనను జరిగిన 110 పరిశోధనలను, అనగా రెండు లక్షలకు పైగా మనుష్యుల పరీక్షలను, వారు క్రోడీకరించిరి. మొత్తముమీద నూటికి 7.2 మందిలో దీర్ఘకాలిక వ్యాధి కనబడినది. తూర్పు ఆసియానుండి, సహారాకు దక్షిణమున నున్న ఆఫ్రికానుండి వచ్చినవారిలో అది అత్యధికము.

మూడవది అదే సంవత్సరము కౌడ్లీ మున్నగువారు ప్రకటించిన అంచనా. ఆయా దేశములవారిలో వ్యాధి యెంతయున్నదో సర్వేలనుండి తీసికొని, అమెరికాలోనున్న ఆ దేశస్థుల సంఖ్యతో హెచ్చించి, 2009లో అచ్చట విదేశములలో పుట్టిన రోగులు సుమారు 13 లక్షల 20 వేల మంది యుందురని వారు తేల్చిరి. అందు నూటికి 58 మంది ఆసియానుండి వచ్చినవారు. దేశవ్యాప్తముగా జరుగు ఆరోగ్య సర్వేలు వలసవచ్చినవారిని తగినంతగా పట్టుకొనలేకపోవుటను ఈ లెక్క బయటపెట్టినది. లెక్కలో లేనివారికి వైద్యము ఉండదు. కావున ఇది వలసవచ్చినవారికి ఉపకారము చేసిన పరిశోధన. జన్యురూపములను గాక దేశమును ఆధారముగా గ్రహించుట దీని వివేకము.

'ఆసియావారు' అను గడి దాచిన సంగతులు

ఇట్టి పట్టికలలోని పెద్ద గడులు ఏమేమి దాచుచున్నవో మూడు దృష్టాంతములవలన తెలియును.

మొదటిది భారతీయులది. భారతదేశమున ప్రధానమైన రూపము 'డి'. దాని తరువాత 'ఏ'. తూర్పు ప్రాంతములలో 'సి' కూడ కనబడును. గుంటూరునుండియో, కరీంనగరునుండియో అమెరికా పోయిన తెలుగువాడు అక్కడి పట్టికలో 'ఆసియావాడు'. ఆసియావారికి బి, సి రూపములుండునని చదివిన వైద్యుడు ఆ తెలుగువానిని గూర్చి చేయు ఊహ మొదటి అడుగులోనే తప్పును. అతని వైరసునకు టోక్యో వైరసుకంటె టర్కీ వైరసు దగ్గరి చుట్టము కావచ్చును.

రెండవది తైవానుది. ఆ దేశము 1984లో వైరసుగల తల్లుల శిశువులకును, 1986 నుండి శిశువులందరికిని టీకాలు వేయ నారంభించినది. 1984లో తైపే నగరపు పిల్లలలో నూటికి సుమారు పదిమంది రక్తములో వైరసుండెను. 1994 నాటికి అది 1.3కు, 1999 నాటికి 0.7కు దిగినది. తైపేలో 1975లో పుట్టిన అక్కయు, 1990లో పుట్టిన చెల్లెలును కలిసి వలసపోయిరనుకొందము. ఇద్దరిది ఒకే జాతి, ఒకే దేశము, ఒకే ఇల్లు. పట్టికలో ఇద్దరును ఒకే గడిలో పడుదురు. కాని అక్కకు వ్యాధి యుండు అవకాశము చెల్లెలికంటె అనేకరెట్లు హెచ్చు. పుట్టిన సంవత్సరము అడుగని లెక్క ఈ భేదమును ఎన్నటికిని చూడలేదు. రోసీ బృందము క్రోడీకరించిన 7.2 అను సంఖ్యలో ఇట్టి అక్కలును, ఇట్టి చెల్లెండ్రును కలిసిపోయియున్నారు. ఆ సంఖ్య గతమునకు కొలత; రేపు వలసవచ్చువారికి అది వర్తించునని యెంచరాదు.

మూడవది అలాస్కాది. ఇచ్చటి ఆదిమవాసులు ఎచ్చటికిని వలసపోయినవారు కారు. అందువలననే వారి సాక్ష్యము విలువైనది. జాతి యొక్కటైనచో వైరసు ఒక్కటి కావలెనను మాట నిజమైనచో, అది వీరియందు నిలువవలెను. కాని అక్కడ వ్యాధిగల వెయ్యిమందికి పైగా జనులను ఏండ్ల తరబడి పరిశీలించి 2007లో ప్రకటించిన పరిశోధనలో ఏ, బి, సి, డి, ఎఫ్ అను ఐదు రూపములు కనబడినవి. జాతి ఒక పేరు, వైరసులు ఐదు.

బానిసల ఓడలు చెప్పిన సాక్ష్యము

జన్యురూపమును సరిగా చదివినచో అది ఎట్టి సాక్ష్యము చెప్పగలదో హైటీ ద్వీపపు కథ తెలుపును. హైటీ ప్రజలలో అత్యధికులు ఆఫ్రికానుండి బానిసలుగా బలవంతమున తేబడినవారి సంతతి. నేడు పశ్చిమాఫ్రికాలో 'ఇ' రూపము దండిగా కలదు. కావున హైటీలోను అదియే యుండవలెనని ఎవరైనను ఊహింతురు. పరిశోధకులు పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితము వేరు. హైటీలో 'ఏ' రూపపు శాఖలే అధికము. 'ఇ' మిక్కిలి అరుదు. అంతేకాక, పశ్చిమాఫ్రికాలో 'ఇ' విశాలమైన ప్రదేశమున వ్యాపించియున్నను దానిలో అంతర్భేదములు చాల తక్కువ. వయసు హెచ్చిన చెట్టునకు కొమ్మలు హెచ్చుగా నుండునట్లు, ప్రాత వైరసులో భేదములు హెచ్చుగా నుండును. 'ఇ' రూపము పశ్చిమాఫ్రికాలో ఇంతగా వ్యాపించుట బానిసల వ్యాపారము ముగిసిన తరువాతనే జరిగినదని ఈ రెండు సంగతులవలన ఊహించుచున్నారు. ఓడలలో తేబడినవారితో వచ్చినది నాటి వైరసు, నేటిది కాదు.

ఇచ్చట 'జాతి' అను గడి ఏమియు చెప్పలేకపోయినది. పశ్చిమాఫ్రికావారును హైటీవారును ఆ గడిలో ఒక్కటే. ఎప్పుడు వచ్చిరి, ఎక్కడనుండి వచ్చిరి అను ప్రశ్నలే సత్యమును వెలికి తీసినవి. 2021లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో ప్రాచీన మానవుల అస్థిపంజరములనుండి ఈ వైరసు జన్యుపదార్థమును 137 మాదిరులలో తీసి, సుమారు పదివేల ఏండ్లుగా అది మనుష్యులతో కలిసి తిరుగుచున్నదని నిరూపించిరి. ఇంతకాలము నుండి మానవుని వెంట నడచిన వైరసును 'వలసవచ్చినవారి వైరసు' అనుటలో అర్థము లేదు. వెనుకకు పోయి చూచినచో అందరును వలసవచ్చినవారే.

మరి జన్యురూపముతో పనిలేదా?

పనియున్నది. అలాస్కా పరిశోధనయే దీనికిని సాక్ష్యము. వైరసు తీవ్రముగా పెరుగుచున్నదని తెలుపు 'ఇ-ప్రతిజనకము' అను గుర్తు ఏ, బి, డి, ఎఫ్ రూపములు గలవారిలో సగముమందికి ఇరువది యేండ్లలోపుననే తొలగిపోయినది. 'సి' రూపము గలవారిలో సగముమందికి తొలగుటకు సుమారు 48 ఏండ్లు పట్టినది. దీని ఫలితము తేటతెల్లము. 'సి' గల స్త్రీ బిడ్డలను కను వయసంతయు ఆ గుర్తును మోయుచుండును. అట్టి తల్లులకు పుట్టిన శిశువులలో, ఏ రక్షణయు లేనిచో, నూటికి 70 మొదలు 90 మంది వరకు వ్యాధి సోకును. ఈ వ్యాధి తూర్పు ఆసియాలో తల్లినుండి బిడ్డకు సాగుటకును, ఆఫ్రికాలో ఎక్కువగా చిన్నపిల్లలలో ఒకరినుండి ఒకరికి వ్యాపించుటకును ఇది ఒక కారణము. 'సి' రూపము 'బి' కంటె కాలేయమునకు హెచ్చుగా హాని చేయును. ఇంటర్ఫెరాన్ చికిత్సకు 'ఏ' రూపము లొంగినట్లు 'డి' లొంగదు. నానాదేశములవారు వచ్చు ఆసుపత్రిలో పనిచేయు వైద్యునకు ఇవి తెలియవలసినవే.

అయితే వైద్యుడు ఈ సంగతిని రోగి వైరసును పరీక్షించి తెలిసికొనవలెను గాని, ముఖము చూచి కాదు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మందులు ఏ జన్యురూపమునందైనను పనిచేయును. టీకాయు అంతే. అన్ని రూపముల పైపొరలోను సామాన్యమైన భాగమొకటి యుండుటచేత, ఒక రూపమునుండి చేసిన టీకా తక్కినవానినుండియు కాపాడును. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ భారతదేశమున మొదటిసారిగా జన్యుసంధాన పద్ధతిని ఈ టీకాను తయారుచేసి అమ్మకమునకు తెచ్చినది. పుట్టిన 24 గంటలలోపల వేసిన టీకాకు బిడ్డ ఏ జాతివాడో, తల్లి వైరసు ఏ అక్షరమో తెలియనవసరము లేదు.

లెక్క ఎవరి చేతికి పోవును?

ఇట్టి పరిశోధనలలోని సంఖ్య రెండు చేతులకు పోవును. 'నీవు ఎక్కడ పుట్టితివి?' అను ప్రశ్నను వైద్యుడు ఆసుపత్రిలో అడుగును; అధికారి వాకిట నిలిచి అడుగును. మొదటివాడు చికిత్సకై అడుగును. రెండవవాడు వెనుకకు పంపుటకై అడుగును.

అమెరికా ప్రభుత్వ వ్యాధినియంత్రణ కేంద్రము 2008లో, వ్యాధి నూటికి రెండు లేక అంతకు హెచ్చుగానున్న దేశములలో పుట్టినవారందరికిని పరీక్ష చేయవలెనని సూచించినది. ఇది చికిత్స కొరకు చేసిన సూచన; మంచిదే. కాని పుట్టిన దేశమును అడుగుటకు వైద్యులు సంకోచించిరో, అడుగ మరచిరో పరీక్ష జరుగదు. దానితో పాటు, తాను ఏదో ముద్ర వేయబడిన గుంపులోనివాడనను భావము రోగికి కలుగును. 2023లో ఆ కేంద్రమే సూచనను మార్చి, 18 ఏండ్లు నిండిన ప్రతివారికిని జీవితములో ఒకమారైనను పరీక్ష చేయవలెననినది. పరీక్ష అందరిదైనపుడు ముద్ర ఎవరిదియు కాదు.

రెండవ చేయి తెలుగు జిల్లాలకు పరిచితమైనదే. కరీంనగరు, నిజామాబాదు, కడప ప్రాంతములనుండి గల్ఫు దేశములకు కూలిపనికి పోవువారికి బయలుదేరుటకు ముందు జరుపు వైద్యపరీక్షలలో ఈ ఉపరితల ప్రతిజనకపు పరీక్షయు ఒకటి. గుర్తు కనబడినవారిని అయోగ్యులని నిర్ణయించుట ఆ నియమము. ఒళ్ళు వంచి పనిచేయగల మనిషి, ఒక్కనాడును జబ్బుపడనివాడు, తన బాల్యమున తెలియకుండ సోకిన వైరసు కారణముగా, అప్పుచేసి సమకూర్చుకొనిన ప్రయాణమును మానుకొనవలసి వచ్చును. ఇటుక మోయుట వలన, తాపీపని వలన ఈ వ్యాధి ఇతరులకు అంటునను శాస్త్రాధారము లేదు. ఈ విషయమున చైనా వేరొక మార్గము చూపినది. అచ్చట 2010లో ఉద్యోగములలోను, పాఠశాలలలోను చేరుటకు ఈ పరీక్ష అడుగరాదని ప్రభుత్వము ఉత్తరువు చేసినది.

పరిశోధకుడు తన లెక్క ఏ చేతికి పోవునో నిర్ణయింపలేడు. కాని ఆ లెక్కకు ఏ పేరు పెట్టవలెనో అతని చేతిలో నున్నది. 'ఫలానా జాతివారిలో ఇన్ని' అనుటకును, 'టీకా రాకముందు ఫలానా చోట పుట్టినవారిలో ఇన్ని' అనుటకును సంఖ్య ఒక్కటే కావచ్చును. మొదటి మాట విన్నవాడు మనిషిని చూచి జంకును. రెండవ మాట విన్నవాడు టీకా ఎందుకు రాలేదని అడుగును.

ఉన్నత పాఠశాలలో గణాంకముల పాఠమునకు ఇట్టి పట్టిక మంచి అభ్యాసము. విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. గడిపైనున్న పేరు కారణమును చెప్పుచున్నదా, కారణపు నీడను చెప్పుచున్నదా? లెక్కకు వచ్చినవారెవరు, రానివారెవరు? ఒకే గడిలో పడిన ఇద్దరి మధ్య పుట్టిన యేడు, పుట్టిన ఊరు మారినచో ఫలితము మారునా? ఆస్ట్రేలియా ఆదిమవాసి రక్తములోని గుర్తును చూచి బ్లంబర్గ్ మొదట పొరబడెను. మూడవ ప్రశ్న వంటిదే ఆయనను సరిదిద్దినది. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆదిమవాసుల వైరసు 'సి' రూపములో వారియందే కనబడు ఒక ప్రత్యేకశాఖయని తరువాత తేలినది. దానికి కారణము వారి జాతి కాదు. ఆ వైరసు వారితోపాటు ఆ నేలమీద చిరకాలము తక్కిన ప్రపంచమునకు దూరముగా నుండుటయే.